వల ముడి

సోమవారం చెయ్యాల్సినవి:

ఆపరేషన్లు మూడు. రెండు హెర్నియాలు, ఒక అపెండిక్స్.
ఏడో మంచం ఆయనకి కుట్లు విప్పాలి.
హౌస్‌సర్జన్లకి కాలిన గాయం డ్రెస్సింగు ఇంకోసారి చేసి చూపించాలి. చెబితే సరిపోవడం లేదు.
జనరేటర్ గురించి సూపర్నెంటుగారికి ఉత్తరం (మూడోది).
అమ్మకి కంటి చుక్కలు కొనాలి. గుడివాడ గురువారం వస్తానని ఫోన్ చెయ్యాలి.
పేపర్లో ఆఖరి పేరా. శుక్రవారం సాయంత్రంలోగా పంపాలి.

డాక్టర్ స్వర్ణలత పొద్దున్నే చిన్న పుస్తకంలో ఇలా రాసుకుని, అయినవి అయినట్టు కొట్టేస్తుంది. ఆ రోజు మధ్యాహ్నానికి అయిదు కొట్టేసింది. ఆరోది మిగిలింది. పాము కరిచినప్పుడు కాటు పైన బిగించే కట్టు వల్ల కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నవాళ్ళ గురించిన పేపరది. తొమ్మిదేళ్ళుగా బందరులో ఈ ఆసుపత్రికి వచ్చిన నలభై కేసులు. ఆ నలభైలో ఒక్క కాలూ పాము తీసింది కాదు, కట్టు తీసిందే. లెక్కలు, పట్టికలు, ఫొటోలు అన్నీ సిద్ధం. ‘కారణాలు’ అన్న పేరాలో ‘ప్రజల్లో అజ్ఞానం’ అని రాసి, ఇంకొంచెం మర్యాదైన మాట దొరుకుతుందేమోనని ఆపింది.

నాలుగున్నరకి గేటు ముందు ఆటో ఆగింది. పదమూడేళ్ళ పిల్లని ఒకాయన రెండు చేతుల మీదా మోసుకొచ్చాడు. వెనకాల ఒక ముసలామె, చెప్పులు లేకుండా పరిగెత్తుతోంది. పిల్ల ఏడవడం లేదు. పళ్ళు బిగించి ఫ్యాను వంక చూస్తోంది.

“ఏమైంది?”

“పామండీ. నాగాయలంక అవతల పల్లెపాలెం మాది. పొద్దున ఆరున్నరకి, వలలారేసిన గట్టు మీద కరిచిందండి.”

“ఆరున్నరకా! పది గంటలయ్యా! ఇంతసేపూ ఏం చేశారు?”

“కట్టేసేశాగదండీ,” అన్నాడు తండ్రి. అతని పేరు అంకమ్మరావు. “గట్టిగా ఏశాను, ఇసం పైకెక్కదు. పిల్లని కుదపకూడదని, మా తమ్ముడు చేపల ఏట నుంచి ఒచ్చాక ఆటో మాట్లాడుకుని నెమ్మదిగా ఒచ్చామండి.”

గొంతులో బెంగ ఉంది. దాని కింద, తన పని తను సరిగ్గా చేశానన్న ధీమా కూడా ఉంది.

స్వర్ణలత కాలికి చుట్టిన తువ్వాలు విప్పింది. మోకాలి కిందుగా నీలం నైలాను దారం, వల అల్లేది, నాలుగు చుట్లు. పైన కండ ఉబ్బి దారాన్ని మింగేసింది. ముడి ఒక్కటే బయటికి కనిపిస్తోంది, చిన్నగా, గట్టిగా, ఎక్కడా వదులు లేకుండా. దాని కింద కాలు వంకాయ రంగుకి తిరిగింది. పాదం చల్లగా ఉంది. సూదితో గుచ్చింది. పిల్ల కదల్లేదు.

“నీ పేరేంటమ్మా?”

“రేవతి.”

“పామెలా ఉంది?”

“పచ్చగా, మీద నల్ల మచ్చలు. కరిచి నీళ్ళలోకి జారిపోయింది.”

మాట తడబడలేదు. కనురెప్పలు వాలలేదు. చీలమండ మీద కోరల గాట్లు కావు, సన్నటి చుక్కలు, దువ్వెన పళ్ళతో గుచ్చినట్టు వరసగా ఉన్నాయి. హెడ్ సిస్టరు ఎలీసబెతు పిల్ల చేతిలోంచి రక్తం తీసి గాజు గొట్టంలో పోసి కిటికీ గట్టు మీద నిలబెట్టింది. విషముంటే ఇరవై నిమిషాలైనా గడ్డకట్టదు. పధ్నాలుగో నిమిషంలో గొట్టం వంచితే రక్తం కదల్లేదు. జున్నులా గడ్డకట్టింది.

ఎలీసబెతు స్వర్ణలత మొహంలోకి చూసింది. ఇద్దరికీ అర్థమైంది. అది నీరుకట్టె, మామూలు నీటిపాము. దానికి విషమే లేదు.

“కాలు తీసెయ్యాలి బాబూ. మోకాలి పైన,” అంది స్వర్ణలత. “లోపల కండంతా చచ్చిపోయింది. ఆ చెడ్డ రక్తం గుండెకి చేరితే పిల్ల దక్కదు.”

అంకమ్మరావు అర్థం కానట్టు చూశాడు. “కట్టు జారలేదు కదండీ?”

“జారలేదు.”

“మరి?”

ముసలామె అంకమ్మరావు తల్లి, పేరు తాతమ్మ. కొడుకు భుజం మీద కొట్టింది. “ఇంకా అడుగుతావేంట్రా! ఆ పాము అంత పని చేసింది. ఏలి ముద్రెక్కడెయ్యాలో చెప్పు తల్లీ.”

కాలు తీసింది పాము కాదని అప్పుడే చెప్పాల్సింది. టైం లేదనుకుంది స్వర్ణలత. నిజంగానే లేదు కూడా.

థియేటర్లో గంటా పది నిమిషాలు పట్టింది. చర్మం, కండ, రక్తనాళం పైన ఒక ముడి, కింద ఒక ముడి, మధ్యలో కత్తెర. నరాన్ని లాగి పదునైన బ్లేడుతో ఒక్క కోత. తర్వాత రంపం. పిల్లల ఎముక తొందరగా తెగుతుంది. చెయ్యి బలం చూపించేలోపే అవతలికి వెళ్ళిపోతుంది రంపం, ఎముక పొడి తడిగా గ్లవ్స్‌కి అంటుకుంటుంది. ఎలీసబెతు కాలిని రెండు చేతులా అందుకుంది. కోసినప్పుడు ఎప్పుడూ తల తిప్పుకోని మనిషి, ఆ రోజు తిప్పుకుంది.

కుట్లు అయ్యాక స్వర్ణలత తీసేసిన కాలు దగ్గరికి వెళ్ళి, ముడి చెడకుండా దారాన్ని అవతలి వైపు కోసింది. ఫొటో తీసింది. సీసాలో వేసి చీటీ అంటించింది: నలభై ఒకటి.

మంగళవారం పొద్దున టీ బడ్డీ దగ్గర ల్యాబు కుర్రాడు తాతమ్మకి ధైర్యం చెప్పాడు. “భయపడకు మామ్మా, నీ మనవరాలి రక్తంలో విషం చుక్క కూడా లేదు.” మంచికే చెప్పాడు.

పదింటికి రౌండు మధ్యలో ఉండగా కింద అద్దం పగిలింది. తర్వాత ఇంకోటి. మెట్ల మీద కాళ్ళ చప్పుడు. ఇరవై మంది దాకా వార్డులోకి వచ్చారు. పల్లెపాలెం నుంచి వ్యాన్లో వచ్చినవాళ్ళు. కొందరి చేతుల్లో పడవ గెడకర్రలు. మందుల బల్ల బోర్లా పడింది. సెలైన్ సీసాలు నేల మీద పేలాయి. ఆపరేషనైన ఒక ముసలావిడ కుట్లు పట్టుకుని మంచం కిందికి దూరింది.

“ఏదీ ఆవిడ!”

ముందు అంకమ్మరావు ఉన్నాడు. ఉన్నట్టుండి సెలైన్ స్టాండు పీకి చేతిలోకి తీసుకున్నాడు.

“ఇసమే లేదంట! మీ ల్యాబాయనే చెప్పాడు! ఇసం లేని కాలు ఎందుకు కోశావే? కట్టు కూడా జారలేదని నువ్వే అన్నావుగా! నీ పరిశోధనకి మా పిల్ల కాలు కావాల్సొచ్చిందా? ఫొటోలు తీసుకున్నావంటగా!”

“నా మాట విను, అంకమ్మరావూ...”

“నా కూతురు రేపట్నుంచి ఎట్టా నడుస్తదో చెప్పు!”

జవాబు ఆమె నాలుక చివర ఉంది. నీ కట్టే తీసిందయ్యా కాలు. ఈ ఒక్క మాటంటే స్టాండు ఆగిపోతుంది. అంటే ఈ మనిషి ఏమవుతాడో కూడా తెలుసు. అయిదో మంచం మీద రేవతి మోచేతుల మీద లేచి, కళ్ళార్పకుండా తండ్రినే చూస్తోంది. స్వర్ణలత నోరు తెరిచి, మళ్ళీ మూసింది.

స్టాండు లేచింది. ఎలీసబెతు అడ్డం వచ్చింది. అరవై ఒకటి దాటిన మనిషి, రెండు నెలల్లో రిటైరవ్వాల్సింది, చేతులు చాపి నిలబడింది. ఇనప కడ్డీ ఆమె దవడ మీద పడింది. తడి కట్టె విరిగినట్టు చప్పుడైంది. మోకాళ్ళ మీద కూలబడి అరచేతిలోకి ఉమ్మింది. రక్తం, మూడు పళ్ళు.

అంకమ్మరావు ఆ పళ్ళ వంక చూశాడు. స్టాండు వదిలేశాడు.

“నాన్నా,” అంది రేవతి. అంతే.

పోలీసులు వచ్చేదాకా అతను అక్కడే గోడకానుకుని కూర్చున్నాడు. పారిపోలేదు.

బుధవారం పొద్దున సూపర్నెంటు ప్రకాశరావుగారు తలుపు వేసి కూర్చోబెట్టారు.

“బయట టీవీ వాళ్ళున్నారమ్మా. ఆ ముడి ఫొటో, రక్తం రిపోర్టు ఇచ్చేద్దాం. తండ్రి కట్టిన కట్టు వల్లే కాలు పోయిందని తేలిపోతుంది. ఆసుపత్రికి మచ్చ ఉండదు. మీ పేపరుకీ మంచిదే కదా.”

“రోగి ఫొటో టీవీకి ఎలా ఇస్తామండీ?”

“మొహం లేదుగా. కాలే కదా!”

“ఆ తండ్రికి ఇంకా తెలీదండి. టీవీలో చూసి తెలుసుకోవాలా?”

“సిస్టరు దవడ పగలగొట్టినవాడి గురించి మీకింత బాధేంటమ్మా?” ప్రకాశరావుగారి ప్రశ్నలో అన్యాయమేం లేదు. స్వర్ణలత ఫొటో ఇవ్వకుండానే లేచి వచ్చేసింది.

ఎలీసబెతు దవడని నోరు తెరవకుండా తీగలతో బిగించారు. మాట్లాడలేదు. పలక పక్కనే పెట్టుకుంది. స్వర్ణలత వెళ్ళి మంచం పక్కన కూర్చోగానే రాసింది: ‘కేసు వెనక్కి తియ్యను.’

“తియ్యొద్దక్కా.”

చెరిపి మళ్ళీ రాసింది: ‘మరి ఏడుస్తావెందుకు?’

పదకొండింటికి ఎస్సై అంకమ్మరావుని తీసుకొచ్చాడు. రిమాండుకి పంపే ముందు డాక్టరు చూసి సర్టిఫికెట్టు ఇవ్వాలి. డ్యూటీ స్వర్ణలతదే.

“మెట్ల మీంచి పడ్డాడు మేడమ్,” అన్నాడు ఎస్సై, ఫోను చూసుకుంటూ.

కుడిచేతి మూడు వేళ్ళు వంకర్లు తిరిగి ఉన్నాయి. మెటికల మీద చర్మం లేచిపోయింది. చొక్కా పైకెత్తితే వీపంతా పొడుగ్గా, సమానమైన వెడల్పుతో ఎర్రటి వాతలు.

“మెట్లు ఇలా వరసలు వరసలుగా కొట్టవండీ,” అంటూ ఆమె సర్టిఫికెట్టు మీద ‘లాఠీ దెబ్బలు, వేళ్ళ మీద బూటుతో తొక్కినట్టున్న గాయాలు’ అని రాసింది. ఎస్సై ఫోను జేబులో పెట్టాడు.

“మీ సిస్టర్ని కొట్టినోడికి మీరు సపోర్టా?”

“ఆవిడ గాయాలూ నేనే రాశాను. ఇవీ నేనే రాస్తున్నాను. మీరు బయట కూర్చోండి.”

మందు సూది వేసి, చెయ్యి మొద్దుబారాక మొదటి వేలు పట్టుకుని లాగింది. ఎముక లోపల కరకరమని తన చోటికి వచ్చింది. అతను అరవలేదు. రెండో వేలు లాగుతుండగా తనంతట తనే మాట్లాడటం మొదలుపెట్టాడు.

“సిస్టరమ్మ ఎట్టా ఉందండి?”

“మాట్లాడలేదు. మూడు నెలలు పడుతుంది.”

“నేను కొట్టింది ఆవిణ్ణి కాదండి.”

“నన్ను కొట్టబోయావు. తెలుసు.”

“ఒక్కటి చెప్పండి డాక్టరమ్మగారూ. నేను కట్టిన కట్టులో తప్పేవన్నా ఉందా? రాత్రి టేసన్లో అదే ఆలోచించా. తప్పుండదండి. నేర్చుకున్నదే కట్టాను.”

“ఎవరు నేర్పారు?”

“నేను ఎనిమిదో తరగతప్పుడండి. మా బడికి డాక్టర్లొచ్చారు. ఒక డాక్టరమ్మ, సన్నగా, చిన్నావిడ. అట్ట మీద బొమ్మేసి చూపించింది. కాటుకి పైన గట్టిగా కట్టెయ్యండి, కడితే ఇసం ఎక్కదు, ఇంక కంగారు పడక్కర్లేదు అంది. మామూలు ముడి జారిపోద్ది కదండీ అని మావోడొకడు అడిగితే నవ్వింది. ‘మీకు ముడులు నేను నేర్పాలా? మీ వల ముడి వెయ్యండి, చేప లాగినా జారదు కదా’ అంది. పిల్లలందరం చప్పట్లు కొట్టాం.”

స్వర్ణలత చేతిలో అతని మూడో వేలు ఉంది. ఆమె దాన్ని లాగలేదు, వదల్లేదు.

“డాక్టరమ్మగారూ?”

“ఊఁ.” వేలు లాగింది. కట్టు వేసింది. అట్ట మీద బొమ్మ గీసిన ఆ చేత్తోనే వేసింది.

గురువారం పొద్దున కంటి చుక్కల సీసా బ్యాగులో వేసుకుని గుడివాడ బస్సెక్కింది. వాళ్ళమ్మ ఆనందమ్మ వరండాలో కుర్చీ వేసుకుని ఎదురు చూస్తోంది. నందివాడ పొలాల్లో నలభై ఏళ్ళు వంగి నాట్లేసిన నడుం, ఇప్పుడు కూర్చున్నా నిటారుగా ఉండదు.

“టీవీలో చూశానే లతా. నిన్ను తగల్లేదు కదా? దేవుడి దయ.”

“ఎలీసబెతక్కకి తగిలింది.”

“చూశా. ప్రార్థన చేశా.” తల వెనక్కి వాల్చింది. స్వర్ణలత రెండు కళ్ళలోనూ చుక్కలు వేసింది.

“అమ్మా, నేను హౌస్‌సర్జనప్పుడు దివిసీమ క్యాంపులకి వెళ్ళేదాన్ని. ఒక అట్ట బొమ్మ ఉండేది. పడేశావా?”

“నువ్వు డాక్టరువై గీసిన మొదటి బొమ్మ. ఎందుకు పారేస్తానే!” ఆనందమ్మ కళ్ళు మూసుకునే చెయ్యి చూపించింది. “బీరువా వెనకాల.”

దుమ్ము తుడిచి చూసింది. స్కెచ్ పెన్నుతో గీసిన కాలు. పిక్క మీద ఎర్ర గీతలో కట్టు. కింద తన గుండ్రటి అక్షరాలు: ‘ఎంత గట్టిగా కడితే అంత క్షేమం.’ వెనక్కి తిప్పితే పెన్సిలుతో, తనకి అప్పటికే అలవాటైన జాబితా. ఏ రోజు ఏ బడి. మొత్తం పదకొండు ఊళ్ళు.

ఆ పదకొండు పేర్లలో తొమ్మిది ఆమెకి బాగా తెలుసు. తొమ్మిదేళ్ళుగా కేసుల రిజిస్టర్లో ఊరి పేరు గడిలో తన చేత్తోనే రాస్తోంది. ఫోనులో పట్టిక తెరిచి ఒక్కో పేరు పక్కన వేలు పెట్టి చూసుకుంది. నలభై ఒకటిలో ఇరవై ఆరు ఆ ఊళ్ళవే. దివిసీమ నుంచే ఎక్కువ ఎందుకొస్తున్నాయని పేపర్లో ఒక ప్రశ్న కూడా పెట్టింది. అక్కడ చదువు తక్కువ అయ్యుండొచ్చని జవాబు రాసుకుంది.

వాళ్ళు చదువు లేక కట్టింది కాదు. నేర్చుకున్నదే కట్టారు.

“ఏంటే, అదే పనిగా చూస్తున్నావు?” ఆనందమ్మ కళ్ళు తెరిచింది. చదవడం రాదు కానీ బొమ్మని గుర్తుపట్టింది. విషయమంతా విని బొమ్మని ఒళ్ళోకి తీసుకుంది.

“అప్పుడు పుస్తకాల్లో అలాగే ఉందమ్మా. తర్వాత అయిదారేళ్ళకి మార్చారు.”

“అది నాకెందుకు చెబుతావు?” అంది ఆనందమ్మ. “వాళ్ళకి చెప్పు.”

శుక్రవారం అంకమ్మరావు ఆసుపత్రిలోనే ఉన్నాడు. వేళ్ళు కుదురుకోకపోతే ఆపరేషన్ చెయ్యాల్సొస్తుందని స్వర్ణలత రాయడంతో జైలుకి పంపలేదు. రేవతి మంచం పక్కనే స్టూలు మీద కూర్చోబెట్టారు. ఎడమ చేతికి బేడీ, బేడీకి అవతల కానిస్టేబుల్. తాతమ్మ నేల మీద కూర్చుని మనవరాలికి కమలాపండు తొనలు ఒలుస్తోంది. ఎదురు మంచం మీద ఎలీసబెతు. ఆడవాళ్ళ వార్డు అదొక్కటే.

స్వర్ణలత అట్ట బొమ్మ తెచ్చి అంకమ్మరావు ఒళ్ళో పెట్టింది.

“ఇదేనా మీ బడికొచ్చిన బొమ్మ?”

చూశాడు. మొహం వికసించింది. “ఇదేనండి! చూశావా అమ్మా, నేను చెప్పలా! ఈ బొమ్మే! ఎక్కడ దొరికిందండీ?”

“మా ఇంట్లో. ఆ డాక్టర్ని నేనే.”

అతని నవ్వు ఇంకా పోలేదు. ఆమె ఆగితే మళ్ళీ చెప్పలేనని ఆగకుండా చెప్పేసింది. అది నీరుకట్టె అని. దానికి విషం లేదని. కట్టకుండా సబ్బు పెట్టి కడుక్కుంటే సరిపోయేదని. పది గంటలు రక్తం అందక కాలు చచ్చిపోయిందని. విషమున్న పాము కరిచినా అలా కట్టకూడదని. “కట్టింది నువ్వు. కట్టమన్నది నేను. వల ముడి వెయ్యమన్నదీ నేనే.”

అంకమ్మరావు కట్టు కట్టిన తన కుడిచేతి వంక చూశాడు. తర్వాత దాన్ని మంచం ఇనప కోడుకేసి కొట్టాడు. ఒకసారి, రెండోసారి. పిండికట్టు పగిలింది. కానిస్టేబుల్ బేడీ పట్టుకుని లాగాడు. స్వర్ణలత ఆ చేతిని తన రెండు చేతుల్లో ఇరికించుకుని గుండెకి అదుముకుంది. అతను పెనుగులాడాడు.

తాతమ్మ లేచింది. తొనలు కింద పడ్డాయి. డాక్టరు చెంప మీద ఛెళ్ళున కొట్టింది. కళ్ళజోడు ఎగిరి అవతల పడింది.

కానిస్టేబుల్ లాఠీ తీశాడు.

“కూర్చో,” అంది స్వర్ణలత. అతనికి వినపడలేదనుకుని మళ్ళీ అంది. “ఆవిణ్ణి ముట్టుకోకు. కూర్చో.”

“నా మనవరాలు,” అంది తాతమ్మ. కింద పడిన తొనల పక్కనే కూర్చుండిపోయింది.

“అప్పుడు పుస్తకంలో అలాగే ఉంది మామ్మా,” అంది స్వర్ణలత. అననని అనుకుని కూడా అనేసింది. “తర్వాత మార్చారు.”

రేవతి తల తిప్పింది.

“మార్చాక మళ్ళీ మా బడికి ఎందుకు రాలేదు మేడమ్?”

ప్రశ్నలో కోపం లేదు. తెలుసుకోవాలనే అడిగింది.

స్వర్ణలత ఆలోచించింది. నిజంగా ఆలోచించింది. పీజీ, ఉద్యోగం, ఆపరేషన్లు, పేపర్లు. ప్రతి రోజూ పుస్తకంలో రాసుకున్న పనులు, కొట్టేసిన పనులు. ఆ పదకొండు ఊళ్ళు ఒక్క రోజూ ఆ జాబితాలో లేవు.

“గుర్తు రాలేదమ్మా,” అంది.

ఎదురు మంచం మీంచి పలక మీద గీసిన చప్పుడు. ఎలీసబెతు పలక ఇటు తిప్పింది. ‘ఆ క్యాంపుకి మందుల పెట్టె మోసింది నేను. నాకూ రాలేదు.’ కింద ఇంకో గీత గీసి రాసింది: ‘కేసు మాత్రం తియ్యను.’

అంకమ్మరావు అది చదివి తలూపాడు. “తియ్యొద్దండి,” అన్నాడు.

పగిలిన పిండికట్టు విప్పి, జరిగిన ఎముకలు మళ్ళీ సరిచేసి, కొత్తది వేసేసరికి నాలుగైంది. గదిలోకి వెళ్ళి స్వర్ణలత పేపరు తెరిచింది. ‘ప్రజల్లో అజ్ఞానం’ కొట్టేసింది. ఆ చోట రాసింది: ‘ఈ కట్టును బడుల్లో మేమే నేర్పాం. నలభై ఒక్క కేసుల్లో ఇరవై ఆరు అలా నేర్పిన ఊళ్ళ నుంచి వచ్చాయి. నేర్పినది ఈ పేపరు రచయిత్రి. తప్పని తెలిశాక వెళ్ళి చెప్పలేదు.’ పంపేసింది. అంకమ్మరావు గాయాల సర్టిఫికెట్టు నకలు ఇంకో కవర్లో పెట్టి, మేజిస్ట్రేటు పేరు రాసి తపాలాకి ఇచ్చింది.

తర్వాత కొత్త అట్ట తీసుకుని వార్డులోకి వచ్చింది. రేవతి మంచం మీద అట్ట పరిచి స్కెచ్ పెన్నుతో మొదలుపెట్టింది. సోమవారం నుంచి పదకొండు బడులు. మొదటిది పల్లెపాలెం.

“బొమ్మ వద్దా?” అంది రేవతి.

“ఏం బొమ్మ వెయ్యమంటావు?”

“నాదే వెయ్యండి. ఇప్పుడున్నట్టు.” మళ్ళీ తనే, “పేరు కూడా రాయండి. లేకపోతే ఎవరో అనుకుంటారు,” అంది.

స్వర్ణలత అంకమ్మరావు వంక చూసింది. అతను గోడ వైపు తిరిగి ఉన్నాడు. అలా తిరిగే తలూపాడు.

ఆ అట్ట ఇప్పుడు పదకొండు బడుల్లో ఉంది. దాని మీద ఇలా ఉంటుంది:

పాము కరిస్తే కట్టు కట్టకండి. దారం, తాడు, గుడ్డ, ఏదీ వద్దు.
కరిచిన కాలో చెయ్యో కదపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఎవరి కోసమూ ఆగకండి.
ఇంతకు ముందు కట్టమని మేము చెప్పాం. అది తప్పు.
ఇది చదివి వెళ్ళిపోయేవాళ్ళు మిగతాది మర్చిపోయినా సరే, పల్లెపాలెం అంకమ్మరావు కూతురు రేవతిని గుర్తుపెట్టుకోండి.